జ్వరం తెచ్చే పెళ్లికొడుకు

పెద్దమ్మకి,

నీ చిట్టి నమస్కారాలు. బాగానే ఉన్నాను, వేళకి తింటున్నాను, నిద్రపోతున్నాను, గది తలుపుకి గొళ్లెం పెట్టుకునే పడుకుంటున్నాను. నువ్వు అడగబోయేవన్నీ చెప్పేశాను కాబట్టి ఇక అసలు సంగతి.

దీంతోపాటు ఒక పుస్తకం పంపుతున్నాను. నేను గీసిన మాంగా. అంటే బొమ్మలతో నడిచే కథ, అందులోనూ నవ్వించే ప్రేమకథ. ఇన్నాళ్లూ రాత్రీపగలూ గీతలు గీస్తున్నానని తిట్టావే, ఆ గీతలన్నీ ఇవే. ఇందులో లిఫ్టులు బాగుచేసే అబ్బాయి ఒకడుంటాడు. అతను ఉత్త బొమ్మ కాదు పెద్దమ్మా, నిజంగా ఉన్నాడు. మా ఆఫీసు లిఫ్టు బాగుచేయడానికి వచ్చేవాడు. అది బాగుపడ్డాక కూడా వచ్చేవాడు. నోటితో చెబుదామని రెండుసార్లు మీ ఇంటికి వచ్చి, కాఫీ తాగి తిరిగి వెళ్లిపోయాను. బొమ్మలేసి చెప్పడమే నయమనిపించింది.

అమ్మ పోయాక నన్ను పెంచింది నువ్వు. నువ్వు ఔనంటేనే రిజిస్ట్రారు ఆఫీసులో తారీఖు తీసుకుంటాం. చదివి చెప్పు. తొందరేం లేదు. అంటే, ఉంది.

నీ
చిట్టి

తా.క. ఎలా చదవాలో పుస్తకంలోనే పెద్దపెద్ద అక్షరాలతో రాసి ఉంది.

ఇంకో తా.క. పెదనాన్నకి దీనికి అట్ట వేయొద్దని చెప్పు. దీనికి అట్ట ఉంది.

*

చిరంజీవి చిట్టికి,

పెద్దమ్మ ఆశీర్వదించి, ఎవరిచేతా రాయించకుండా తానే రాస్తున్నది. నాకు జలుబు, తక్కినదంతా క్షేమం. మీ పెదనాన్న బైండింగు షాపు మూసేసి ఇంట్లో కూర్చున్న దగ్గర్నుంచీ కనబడ్డ ప్రతి కాగితానికీ అట్ట వేస్తున్నాడు. కరెంటు బిల్లులు కూడా ఇప్పుడు బంగారు అక్షరాలతో ఉన్నాయి. కట్టాల్సిన బిల్లు కోసం సంపుటాలు తిరగెయ్యాల్సి వస్తోంది.

నీ పుస్తకం చదివాను. అట్ట మీది బొమ్మ దగ్గర్నుంచి ఆఖరి పేజీ దాకా, ఒక్క గీత వదలకుండా. బొమ్మలు బాగున్నాయి. ఆ పిల్ల కళ్లు ఒక్కోటీ భుజం కొలతంత ఉన్నాయి, నడుము మాత్రం నా కుట్టుపని టేపుకి దొరకదు, ఊపిరితిత్తులు ఎక్కడ పెట్టుకుందో! అది వదిలేయ్. ఆ మనిషి సంగతి చెబుతాను.

మొదటి పేజీలో దగ్గరికి తీసుకుని ఉంగరం పెట్టి ప్రేమిస్తున్నానన్నాడు. సరే, మంచివాడే అనుకున్నాను. పక్క బొమ్మలోనే ఆ ఉంగరం వేలినుంచి తీసి, డబ్బాలో పెట్టి, జేబులో వేసుకున్నాడు! తర్వాత రైలు గేటు దగ్గర ఏదో చెప్పబోతాడు, రైలొస్తుంది, పిల్ల "ఏమిటీ?" అంటుంది, "ఏం లేదు" అంటాడు. పేజీలకి పేజీలు ఇదే వరస. మాట ఇచ్చి, రైలు సాకుతో మింగేసే మనిషిని నేను ఎక్కడా చూడలేదు.

పిల్ల నవ్వుతూ తుళ్లుతూ ఉండగా ఇంటికొచ్చి సూపు తాగించాడు. అతను గిన్నె పట్టుకుని గుమ్మంలో నిలబడేసరికి పిల్ల నూట నాలుగు జ్వరంతో మంచం మీద ఉంది. ఏం కలిపాడే అందులో? వానలో ఇద్దరూ ఒక గొడుగు కింద నడుస్తుంటే నా మనసు కాస్త మెత్తబడింది. ఆ గొడుగూ పట్టుకుని చక్కాపోయాడు, పిల్ల ఒంటరిగా తడిసి ముద్దయింది. ఆకాశంలో చుక్కగా ఉన్నవాడు ధబీమని కిందికి వచ్చి చెంపదెబ్బ తిని, అప్పుడు పిల్ల మీద పడ్డాడు. దెబ్బ తిన్నాక తప్పు చేసేవాడితో ఎలా వేగుతావు? లిఫ్టు తలుపు నవ్వుతూ తెరిచి పిల్లని లోపల పెట్టి మూసేశాడు. లోపల అది ఒకటే ఏడుపు. ఇక ఆఖరికి వీధి మలుపులో గుద్దేసి, "ఎవరు నువ్వు?" అని అడిగాడు. ఎవరు నువ్వట! పాపం అది నోట్లో బ్రెడ్డు ముక్కతో పరుగో పరుగు. తిండి కూడా ప్రశాంతంగా తిననివ్వలేదు.

చూస్తూ చూస్తూ నిన్ను అలాంటివాడి చేతిలో పెట్టలేను. నా మాట "కాదు", అంతే.

నీ మేలు కోరే
పెద్దమ్మ

తా.క. ముక్కులోంచి అంత రక్తం కారుతుంటే డాక్టరుకి చూపించుకోడా? తల పక్కన ఆ పెద్ద నీటిబుడగ ఏమిటి, కురుపా?

తా.క. ఇది పెదనాన్న. ఉత్తరం పోస్టు చేసేది నేనే కాబట్టి కవరు అంటించే ముందు ఈ ముక్క. మీ ప్రెస్సువాళ్లు పనిలో ఒక పొరపాటు చేశారు, నేను సరిచేశాను. థాంక్స్ అక్కర్లేదు. మీ పెద్దమ్మకి చెప్పకు.

*

పెద్దమ్మకి,

నీ ఉత్తరం చదివి అన్నం సయించలేదు. గది తలుపు గొళ్లెం కూడా పెట్టుకోలేదు, నువ్వే చూసుకో.

నువ్వు తిట్టినవాటిలో ఒక్కటీ అబద్ధం కాదు. అన్నీ ఉన్నాయి. కానీ పెద్దమ్మా, ఇలాంటి కథల్లో అవన్నీ మామూలే. జ్వరం రాకుండా ప్రేమకథ ఉండదు. గొడుగు ఒక్కటే ఉండాలి, రెండుంటే కథ లేదు. చెంపదెబ్బ తింటే ఆకాశంలో చుక్క కావాలి. చెప్పబోయినప్పుడల్లా రైలు రావాలి, ఆ ఊళ్లో రైళ్లు అందుకే తిరుగుతాయి. ముక్కులోంచి రక్తం అంటే జబ్బు కాదు, సిగ్గు. నీటిబుడగ కురుపు కాదు, కంగారు. ఇక గుద్దుకోవడం అంటావా, గుద్దుకుంటేనే ప్రేమ! నేను వాటినన్నిటినీ ఆటపట్టిద్దామని వేశాను. చూసి నవ్వుతావనుకున్నాను, నువ్వు పోలీసుల్ని పిలిచేట్టున్నావు.

నీ మాట కాదని చేసుకోలేను. అతన్ని వదులుకోనూ లేను. రెండూ రాసేశాను, ఏం చేసుకుంటావో చేసుకో. ఈ ఆదివారం అతన్ని మీ దగ్గరికి పంపుతున్నాను. నేను పక్కనుంటే నీకు నచ్చేట్టు నేనే మాట్లాడేస్తానని, ఒక్కణ్ణే పంపుతున్నాను. ఒక్కసారి అతన్ని చూడు. పుస్తకం పక్కన పెట్టి చూడు.

నీ
చిట్టి

తా.క. పెదనాన్నకి థాంక్స్. అట్ట ఊడిందేమో, నాసిరకం జిగురు.

*

చిట్టికి,

ఆశీస్సులు. మీ లిఫ్టబ్బాయి వచ్చి వెళ్లాడు. పుస్తకం పక్కన పెట్టలేదు, ఎదురుగానే పెట్టుకున్నాను.

వానలో ఒకే ఒక్క గొడుగుతో వచ్చాడు. చూడగానే నాకు అర్థమైపోయింది. ఆ గొడుగు మర్యాదగా అందుకుని బీరువాలో పెట్టి తాళం వేశాను. నాకు జలుబని నువ్వు చెప్పావట, ఫ్లాస్కులో వేడి వేడి సూపు తెచ్చాడు. "ముందు నువ్వు తాగు బాబూ" అన్నాను. తాగాడు. "ఇంకాస్త" అన్నాను. మొత్తం తాగించి, నుదురు పట్టుకుని చూశాను. జ్వరం రాలేదు. గట్టి పిండమే.

ఆ తర్వాత గొంతు సవరించుకుని, "అండీ, నేను చిట్టిని..." అన్నాడు. నేను కుట్టుమిషను తొక్కాను. ఆగాడు. నేనూ ఆగాను. మళ్లీ నోరు తెరిచాడు, మళ్లీ తొక్కాను. ఒక్క మధ్యాహ్నంలో రెండు దిండు గలీబులు అయిపోయాయి. అతను లేచి నా దగ్గరికి రాబోయి, దారపు రీలు మీద కాలేసి, బట్టల కుప్పలో బోర్లా పడ్డాడు. చెంప మీద ఒకటిద్దామని చెయ్యెత్తి ఆగిపోయాను. ఎగిరి చుక్కవుతాడేమోనని పైకి చూస్తే ఫ్యాను తిరుగుతోంది.

పడ్డవాడు లేచి ఏం చేశాడనుకున్నావు? మిషను కిందికి చూసి, "చప్పుడు ఎక్కువ చేస్తోందండీ" అని జేబులోంచి నూనె డబ్బా తీసి నాలుగు చుక్కలు వేశాడు. లంచం! మిషను పిల్లిలా అయిపోయింది. ఇక అడిగితే నాకు వినబడిపోతుందని భయమేసి, చీకటి పడుతోంది వెళ్లమన్నాను. వెళ్తూ బల్ల మీది నీ పుస్తకం తీసి, తిరగేసి, బోర్లేసి, ఒకటే నవ్వు. పెద్దవాళ్ల ఇంట్లో ఆ నవ్వేమిటి? గొడుగివ్వలేదు. తడుస్తూ పోయాడు. ఈసారి తడిసింది ఆడపిల్ల కాదు.

నా మాటలో మార్పు లేదు. చేతిపని తెలిసినవాడని మాత్రం ఒప్పుకుంటాను.

పెద్దమ్మ

తా.క. పెదనాన్నని. అబ్బాయి అట్టని అటూ ఇటూ తిప్పి చాలాసేపు చూశాడు. నా పనితనానికి ముచ్చటపడ్డట్టున్నాడు. నాకు నచ్చాడు.

తా.క. పై ముక్క ఎవరు రాశారో నాకు తెలుసు. ఎదురుగా కూర్చుని ఒక్క మాట మాట్లాడడు గానీ, నా కవర్లలో దూరి మాట్లాడతాడు.

*

పెద్దమ్మకీ, ముఖ్యంగా పెదనాన్నకీ,

అతను తడిసిపోయి వచ్చాడు. తుమ్ముతున్నాడు, నవ్వుతున్నాడు, ఏదీ ఆపలేకపోతున్నాడు. జ్వరం కూడా వచ్చింది, నీ మనసు చల్లబడిందా? చివరికి ఊపిరి తీసుకుని చెప్పాడు, పుస్తకానికి అట్ట తిరగేసి ఉందని.

పెదనాన్నా! మాంగా కుడివైపు నుంచి ఎడమవైపుకి చదవాలి. పేజీలూ అంతే, పేజీలో బొమ్మలూ అంతే. అందుకే దాని మొహం మనకి వీపులా కనిపిస్తుంది. ప్రెస్సువాళ్లు సరిగ్గానే కట్టారు. నువ్వు అట్ట ఊడదీసి రెండో వైపు అంటించావు కదూ? పెద్దమ్మ నా కథ మొత్తం చివర్నుంచి మొదటికి చదివింది!

పెద్దమ్మా, ఇప్పుడు చెబుతున్నా విను. ముందు గుద్దుకున్నారు. లిఫ్టులో ఇరుక్కున్న పిల్లని తలుపు తెరిచి బయటికి తెచ్చాడు. పొరపాటున మీద పడ్డాడు కాబట్టే దెబ్బ తిన్నాడు, తిన్నాడు కాబట్టే చుక్కయ్యాడు. తడుస్తున్న పిల్లకి గొడుగు పట్టాడు. జ్వరంతో ఉన్న పిల్లకి సూపు తెచ్చాడు. రైళ్లన్నీ వెళ్లిపోయాక చెప్పాల్సింది చెప్పాడు, ఉంగరం తీసింది జేబులోంచి, పెట్టింది వేలికి.

అటు మొదలెట్టకండని ఒక పేజీ నిండా అచ్చు వేయించానే, అదేమైంది?

చిట్టి

తా.క. కోపంగా ఉన్నాను. కానీ చుక్క ఆకాశంలోంచి ధబీమని పడే ఘట్టం తలుచుకుని నిన్నట్నుంచి నవ్వుతూనే ఉన్నాను. తర్వాతి పుస్తకంలో వాడుకుంటాను.

*

చిరంజీవి చిట్టికి,

మీ పెద్దమ్మ మనస్ఫూర్తిగా ఆశీర్వదించి రాసేది.

ఆ పేజీ దొరికింది. "ప్రెస్సువాళ్లు ఏదో పనికిరాని కాగితం వదిలేశారు, అట్టకి బిగువు కోసం కింద వేసి అంటించాను" అన్నాడు మీ పెదనాన్న. అందులో ఏం రాసుందో చూడలేదా అంటే, "నేను పుస్తకాలు కట్టేవాణ్ణే గానీ చదివేవాణ్ణి కాదు" అట. పప్పులో కాలేసింది ఆయన, తిట్లు తిన్నది ఆ అబ్బాయి.

మళ్లీ చదివాను, నువ్వు చెప్పిన వైపు నుంచి. మంచివాడే చిట్టీ. చాలా మంచివాడు. నా జలుబు కోసం తెచ్చిన సూపంతా వాడిచేతే తాగించానే అని సిగ్గుతో చచ్చిపోయాను. ముక్కులోంచి రక్తం మాత్రం రాలేదు.

ఒక సంగతి చెబుతాను, నవ్వకు. తప్పువైపు నుంచి చదివినప్పుడు నేను ఏడ్చాను. ఉంగరంతో మొదలై, ఏమిటంటే ఏం లేదు, ఏమిటంటే ఏం లేదు అనుకుంటూ పోయి, ఆఖరికి ఒకరికొకరు ఎవరో తెలియనట్టు చెరో దారీ పట్టారు. అది నాకు తెలిసిన కథే. ఆ షాపు మూసేశాక మీ పెదనాన్నకీ నాకూ మధ్య మిగిలిన మాటలు పాలొచ్చాయా, తలుపేశావా, అంతే. పోట్లాట కూడా లేదు. నీకు అలాంటిది రాకూడదనే అంత గట్టిగా కాదన్నాను. ఆ అబ్బాయి మీద కోపం కాదు అది, మా ఇంటి మీద భయం.

సరే, నీ పుస్తకంలో ముక్కూమొహం తెలియనివాళ్లు గుద్దుకుని దగ్గరయ్యారు కదా. ఇవాళ పొద్దున నోట్లో బ్రెడ్డు ముక్క పెట్టుకుని, వంటింటి మలుపులో ఆయన వచ్చేదాకా కాచుకుని, పరిగెత్తుకెళ్లి గుద్దేశాను. ఆయన చేతిలోని జిగురు గిన్నె ఎగిరి గోడకి కొట్టుకుంది. నా మోచెయ్యి ఇంకా వాచే ఉంది. ఇద్దరం నేల మీద కూర్చుని ఉండగా ఆయన నా మొహం చూసి ఏదో అన్నాడు. మిక్సీ తిరుగుతోంది, వినబడలేదు. "ఏమిటీ?" అన్నాను. "ఏం లేదు" అన్నాడు.

నాకు ఒళ్లు మండింది. లేచి మిక్సీ ఆపి, ప్లగ్గు పీకి, "ఇప్పుడు చెప్పండి" అన్నాను.

మన పెళ్లికి కాగితం లేదు అన్నాడు. నిజమే, ఆ రోజుల్లో ఎవరు రాయించారు? కరెంటు బిల్లులకి కూడా అట్టలు వేశాడు కదా, దీనికి వేద్దామని ఇల్లంతా వెతికాడట. కాగితమే లేదని అప్పుడు తెలిసిందట. చిట్టి వాళ్లతో పాటు మనమూ వెళ్లి సంతకాలు పెట్టొద్దాం, ఒప్పుకుంటావా అన్నాడు. ఇన్నేళ్ల కాపురంలో ఆయన నన్ను ఒక మాట అడిగి, జవాబు కోసం ఆగడం ఇదే మొదలు.

కాబట్టి విను. నీ పెళ్లికి నా మాట ఔను, తారీఖు తీసుకోండి. మీకు సాక్షి సంతకం నేను పెడతాను. ఇక నా సంగతి. ఆయనకి నేనింకా ఏమీ చెప్పలేదు, మా చిట్టిని అడిగి చెబుతానన్నాను. మనిషి మంచివాడే, కాస్త తిరగేసి అర్థం చేసుకుంటాడు. చేసుకోమంటావా? నువ్వు ఔనంటేనే.

నీ
పెద్దమ్మ

తా.క. పెదనాన్నని. ఈసారి ఆవిడే ఈ చోటు ఖాళీ వదిలి, రాయమని పెన్ను ఇచ్చింది. నా గురించి నాలుగు మంచి ముక్కలు రాసి పుణ్యం కట్టుకో తల్లీ. పొద్దున్నుంచీ ఆవిడ నన్ను చూసి నవ్వి, మొహం తిప్పేసుకుంటోంది. నా తల పక్కన నీటిబుడగ ఉన్నట్టే ఉంది.