ఏడో కంప్యూటర్ మీద తీర్పు

హిందూపురం, ఆదివారం, 2006

మా నెట్ సెంటర్‌లో ఆదివారాలు జరిగే కంప్యూటర్ ఆటల పోటీల్లో దొంగాటను పట్టడానికి రెండు సాఫ్ట్‌వేర్లు చూశాను. ఒకటి అనుమానం మాత్రమే చెబుతుంది, తీర్పు మనమివ్వాలి. రెండోది తానే ఆటగాణ్ని ఆటలోంచి గెంటేస్తుంది. మా నాయన కాలంలో ఇలాంటి తగవుకు కర్పూరం ఆర్పించి ప్రమాణం చేయించేవారు. అబద్ధాలకోరులే ముందుగా ఆర్పేవారు. ఆ పెద్దరికం నాకెందుకని రెండోదే పెట్టాను.

ఈ రోజు అది ఏడో కంప్యూటర్ మీద ఆడుతున్న ధర్మవరం నేతగాడు శీనాను గెంటేసింది.

"కర్పూరం ఎత్కరా మామా, ఆర్పుతా" అన్నాడు. ఎదురాడుతున్న పెనుకొండ జట్టు నవ్వింది. నేనూ నవ్వాను.

"మిషను అబద్ధం చెప్తాదేమప్పా? లెయ్" అన్నాను.

వాడు వెళ్లాక చూస్తే, అర్జీలు టైపు చేయడానికి నేనే ఆ కంప్యూటర్‌లో పెట్టిన తెలుగు కీబోర్డు ప్రోగ్రాంను ఆ సాఫ్ట్‌వేర్ దొంగాట అనుకుంది. స్టేషన్‌కు పరుగెత్తి, రైలెక్కుతున్న వాడికి ఆ సంగతి చెప్పాను.

"మిషనుకు నేనెవరో తెలీదు మామా. నువ్వు మూడేండ్లుగా చూస్తాండావు గదా" అన్నాడు.

రైలు వెళ్లిపోయింది. ఆ సాఫ్ట్‌వేర్‌ను ఇంకా తీసేయలేదు. తీసేస్తే వచ్చే ఆదివారం మనుషుల ముఖం చూసి తీర్పు నేనే చెప్పాలి.