నా సూది భయం సంగతి

అన్నయ్యా,

నేను కులాసాగానే ఉన్నాను, నీ మీద కోపం మాత్రం తగ్గలేదు. నన్ను హాస్టల్లో దింపి వెళ్తూ, "మా చెల్లికి సూదంటే చచ్చేంత భయం, కాస్త చూసుకోండమ్మా" అని టీచరమ్మ చెవిన వేశావట! నలభై దాటి నర్సు చదువుకు వచ్చినదాన్ని, నా పరువేం కావాలి? నిన్న క్లాసులో ఒకరికొకరు ఇంజెక్షన్ చేసుకుంటుంటే, నా వంతు రాగానే ఆవిడ "మీరు ఆ దుప్పట్లు మడతపెట్టండి చాలు" అన్నారు. ఒళ్లు మండిపోయింది. "దుప్పట్లు ఇంట్లో బోలెడు మడతపెట్టాను మేడమ్, సిరంజి ఇవ్వండి" అన్నాను. ఆవిడ చేతిలోంచి సిరంజి అందుకున్నాను. నాకు జోడీగా ఉన్న పిల్ల చెయ్యి చాచి, "కానివ్వండి పిన్నీ, నేను కళ్లు మూసుకుంటా" అంది. "నేను మూసుకోకూడదు కదే తల్లీ" అంటూ గుచ్చేశాను. తర్వాత ఆ పిల్ల నాకు గుచ్చినప్పుడు కెవ్వుమన్నాను గానీ పడిపోలేదు. రేపటి నుంచి నాకూ వార్డులో డ్యూటీ వేశారు.

మంచం కింద నా తెల్ల చెప్పులున్నాయి, వెంటనే పంపించు. పిల్లలకు దీవెనలు. నువ్వు రక్తపరీక్షకు వెళ్లకుండా రోజుకో సాకు చెబుతున్నావని వదిన రాసింది. సెలవుల్లో వచ్చి నేనే తీస్తాను, చెయ్యి సిద్ధంగా ఉంచుకో.

నీ చెల్లెలు