ఇరవై రెండు బండ్లకు డ్రైవరు

మేడ్చల్,
ఆదివారం పొద్దున.

అమ్మకు నీ కొడుకు బాలరాజు దండం పెట్టి రాసేది. ఇక్కడ అందరం బాగున్నామని రాయబోయి కలం ఆపాను. అందరం అంటే నేనొక్కడినే కదా. నేను బాగానే ఉన్నాను. అక్కడ భివండీలో నువ్వు, చెల్లి అంకిత, బావ కులాసాగా ఉన్నారనుకుంటాను. అంకితకు ఎనిమిదో నెల కాబట్టి ఉత్తరం చదివేటప్పుడు కింద కూర్చోనివ్వకు. అంకితా, నీకే చెప్తున్నాను, లేచి కుర్చీ తెచ్చుకో. ఈ ఉత్తరం కాస్త పొడుగు.

ఫోన్ ఉండగా కాయితాలు ఎందుకు ఖరాబు చేస్తున్నావని పోయిన ఉత్తరంలో అడిగావు. ఫోన్‌లో నీకు సగం మాటలే వినపడుతున్నాయమ్మా. మిగతా సగం నువ్వే అల్లుకుంటున్నావు. నువ్వు అల్లుకున్న దానివల్ల ఇక్కడ ఏం జరిగిందో చెప్పాలి. అంకిత నీ పక్కన కూర్చుని నెమ్మదిగా చదివితే తప్ప చెప్పలేని సంగతి ఇంకొకటి కూడా ఉంది.

ముందు నువ్వు అడిగినవాటికి జవాబులు. అన్నం నేనే వండుకుంటున్నాను. ఒక్కడికి ఎంత బియ్యం పోయాలో ఇంకా చేతికి రాలేదు, రోజూ మిగులుతోంది. పొద్దున దానికే పోపు పెట్టుకుంటున్నాను. నాయిన చేపల వలను ఎలుకలు ముట్టలేదు, దూలానికి ఎత్తి కట్టాను. బోరు మోటారు బాగానే ఉంది. ఎనిమిదింటికి షామీర్‌పేటలో బయలుదేరి మేడ్చల్ వచ్చి, బస్ డిపో వెనక మన దుకాణం తెరుస్తాను. సాయంత్రం ఇంటికొచ్చి తాళం తీసేటప్పుడు "వచ్చినవా బిడ్డా" అని లోపలి నుంచి వినపడుతుందేమోనని కాసేపు ఆగుతాను. వారంలో పోయే అలవాటే అనుకున్నాను. నువ్వు వెళ్లి రెండు నెలలైనా పోలేదు. ఈమధ్య టీవీ పెట్టి పక్క గదిలో కూర్చుంటున్నాను, మనుషుల గొంతులు వినపడితే చాలని.

ఇక నీ పెద్ద ప్రశ్న. "డ్రైవర్ దొరికిండా? ఇరవై రెండు బండ్లు నాకు చెప్పకుండ ఎప్పుడు కొన్నవ్ రా?" అని రాయించావు. భివండీలో మీ వాడకట్టంతా నా కొడుకు ట్రావెల్స్ పెట్టిండని చెప్పుకున్నావట కూడా. అమ్మా, నీ కొడుకు దగ్గర ఉన్న బండి ఒక్కటే, దాని హెడ్‌లైటు కూడా పాడైంది.

నేను ఫోన్‌లో చెప్పింది వేరు. ఇక్కడొక బడివాళ్లు, మూతబడిన ఆఫీసు నుంచి ఇరవై రెండు పాత కంప్యూటర్లు తెచ్చి, పిల్లలు నేర్చుకునేలా చేసిమ్మని నాకు అప్పగించారు. వాటిని తయారుచేసిన కంపెనీయే ఇప్పుడు లేదు. కొత్త విండోస్ వాటిలోకి ఎక్కనంది. లినక్స్ అని ఇంకో రకం ఉంటుంది, అది ఎక్కింది గానీ స్పీకరు పలకదు, నెట్టు పట్టదు. వాటికి డ్రైవర్లు కావాలి. కంప్యూటర్‌లో డ్రైవర్ అంటే మనిషి కాదమ్మా. లోపల ఉన్న ఒక్కో సామానుతో పని చేయించే చిన్న ప్రోగ్రాం. అది లేకపోతే స్పీకరు ఎంత మంచిదైనా కంప్యూటర్ దాన్ని గుర్తుపట్టదు. ఇదేదో తెలియని సామాను అని రాసి ఊరుకుంటుంది. "ఇరవై రెండిట్లకు డ్రైవర్లు దొరకక పని ఆగింది, దుకాణం పరువు పోయేటట్టుంది" అని నీతో అన్నది దీని గురించే.

పోయిన సోమవారం పదకొండింటికి దుకాణం ముందు ఒక ఆటో ఆగింది. ఇస్త్రీ చేసిన ఖాకీ చొక్కా వేసుకుని, ప్లాస్టిక్ కవర్లో లైసెన్సు పట్టుకుని మైసయ్య చిన్నాయిన దిగాడు. నాయిన సొంత తమ్ముడు. ఆరేళ్ల కింద నాయిన దినాలనాడు "నా గడప తొక్కకు" అని నువ్వు అందరి ముందూ అన్నాక మన ఇంటివైపు చూడని మనిషి. మేడ్చల్, దుండిగల్ మధ్య షేర్ ఆటో నడుపుతూ నా దుకాణం ముందు నుంచే రోజూ పోతాడు. ఒక్కనాడూ ఆపలేదు.

"వదినె చెప్పిచ్చిందంట. అంకిత ఫోన్ చేసింది. ఇరవై రెండు బండ్లున్నయంట, డ్రైవర్లు లేక నువ్వు పరేషాన్ అయితున్నవంట," అన్నాడు. "లారీ గూడ నడుపుత. వారం దినాలు ఆటో బంద్ వెట్టిన. బండ్లేడున్నయ్ రా?"

బల్లల మీద వరుసగా పెట్టిన కంప్యూటర్లు చూపించి సంగతంతా చెప్పాను. నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. లైసెన్సు మడిచి జేబులో పెట్టుకుని ఒక్కో కంప్యూటర్ దగ్గరా నిలబడి చూశాడు.

"అంటే సామాను మంచిగనే ఉంది. గుర్తువట్టేటోడు లేడు, గంతేనా?"

"గంతే చిన్నాయినా."

"మరి దొర్కేదాంక కూసుంట తియ్."

అమ్మా, అంకిత పెళ్లికి కూడా పిలవని మనిషికి నా దుకాణం కోసం కబురు పెట్టావు. "మైసయ్యతోని మాట్లాడినట్టు గాదు, చెప్పిచ్చినట్టే" అని నువ్వు రాయించిన వాక్యం నాలుగుసార్లు చదివాను. నాకోసం నువ్వు ఎంత కిందికి దిగావో అర్థమై సిగ్గుతో చచ్చిపోయాను. ఎందుకు సిగ్గో చెప్తాను.

చిన్నాయిన నాలుగు రోజులు వచ్చాడు. కంప్యూటర్ ఆన్ కాగానే ఒక బటన్ గబగబా కొట్టాలి, లేకపోతే పాతదే తెరుచుకుంటుంది. ఆ పని తను తీసుకుని, ఆటో హారన్ కొట్టినట్టే కొట్టాడు. లోపల లినక్స్ ఎక్కుతుంటే నూటికి ఎంతయిందో తెర మీద కనపడుతుంది. దాన్ని పైకి చదివేవాడు. "ముప్పై. నలభై ఒకటి. గిది జల్దీ పోతాంది రా." మధ్యాహ్నం తన డబ్బాలోని జొన్నరొట్టె సగం నాకు పెట్టాడు. రెండు నెలల్లో ఇంకో మనిషితో కూర్చుని తినడం అదే మొదలు. ఒక ముక్క తిని పక్కన పెట్టాను. కారం ఎక్కువైందన్నాను.

గురువారం మధ్యాహ్నం ఒక కంప్యూటర్‌లో లినక్స్ ఎక్కుతూ ఎక్కుతూ ఆగిపోయింది. "తొంభై రెండు," అన్నాడు చిన్నాయిన. కాసేపాగి మళ్లీ, "ఇంక తొంభై రెండే ఉంది రా," అన్నాడు. నేను లేచి బయటికి వెళ్లిపోయాను.

అంకితా, ఇక్కడి నుంచి మెల్లగా చదువు. అమ్మ ఆపమన్నా ఆపకు. ఇది నీక్కూడా చెప్పాల్సిందే.

నాయినకు గుండెనొప్పి వచ్చిన రోజు నేను దుండిగల్‌లో వేరేవాళ్ల దుకాణంలో పని చేస్తున్నాను. రెండింటికి అంకిత పక్కింటివాళ్ల ఫోన్ నుంచి చేసింది. "నాయినకు ఛాతిల నొస్తాందంట. చిన్నాయిన నంబర్ నాకు యాదికి లేదు, నువ్వు ఫోన్ చేసి ఆటో తెమ్మను," అంది. అప్పుడు నా ముందు ఒక కంప్యూటర్‌లో విండోస్ ఎక్కుతోంది. దానికి కూడా డ్రైవర్లు సరిగా లేవు, మధ్యలో అది అడిగినప్పుడల్లా ఏదో ఒక డ్రైవర్ ఇవ్వాలి, ఇవ్వకపోతే రోజంతా చేసింది పోతుంది. ఆ కంప్యూటర్ సొంతదారు పక్కనే నిలబడి ఉన్నాడు. తెర మీద తొంభై రెండు. నాయినకు అప్పుడప్పుడూ వచ్చే గ్యాస్ నొప్పే కదా, ఇది కాగానే చేద్దాం, అయిదు నిమిషాలు అనుకున్నాను. తొంభై రెండు కదలలేదు. నేనూ కదలలేదు.

ఇరవై నిమిషాలకు అంకిత మళ్లీ చేసింది. "చేసినవా?" అని అడిగింది.

"చేసిన. ఎత్తుతలేడు," అన్నాను.

ఆ మాట నోట్లోకి ఎలా వచ్చిందో నాకు తెలియదు. అప్పుడైనా చిన్నాయినకు ఫోన్ చేసి ఉండొచ్చు. కానీ చేస్తే చిన్నాయిన ఎత్తేవాడు. ఎత్తితే నా అబద్ధం బయటపడేది. అందుకని చేయలేదు. బండి తీసుకుని పరుగెత్తాను. నేను వచ్చేసరికి నాయినను ఎవరిదో ట్రాలీ బండిలో తీసుకెళ్లారు, దారిలోనే ప్రాణం పోయింది. అరగంట ముందు తెస్తే బతికేవాడని డాక్టరు అన్నాడని నువ్వు ఎన్నిసార్లు తలుచుకుని ఏడ్చావో నాకు తెలుసు. ప్రతిసారీ చిన్నాయినను తిట్టావు. ప్రతిసారీ నేను పక్కనే కూర్చుని విన్నాను.

ఇది నేను ఎవరికీ చెప్పలేదు. చిన్నాయినకు తెలియదనుకున్నాను.

గురువారం నేను మొఖం కడుక్కుని లోపలికి వచ్చేసరికి చిన్నాయిన స్టూలు మీద అలాగే కూర్చుని ఉన్నాడు.

"నా నంబర్ ఉందారా నీ కాడ? ఒకపారి కొట్టు," అన్నాడు.

ఎందుకని అడగలేకపోయాను. కొట్టాను. ఆయన ఖాకీ జేబులో ఫోన్ మోగింది. తీయలేదు. ఆగేదాకా మోగనిచ్చాడు.

"మోగుతది రా బాలరాజు. గా దినం గూడ గీ జేబుల్నే ఉండె. స్టాండ్ల ఖాళీగనే కూసున్న."

మరి ఎందుకు చెప్పలేదు, అమ్మ అన్ని మాటలంటుంటే ఎందుకు పడ్డావని అడిగాను.

"అన్నను కాలవెట్టిన కాడ నీ మొఖం జూసిన. చెప్తే నువ్వు బతుకవు అనిపిచ్చింది. నేను లేకున్న మీ అమ్మకు నడుస్తది. నువ్వు లేకుంటే నడువది."

ఆ కంప్యూటర్ ఎప్పుడో నూటికి చేరింది, చూసుకోలేదు. సాయంత్రం వెళ్తూ, "వదినెకు చెప్పకు రా, గిప్పుడెందుకు," అన్నాడు. శుక్రవారం నుంచి మళ్లీ ఆటోకు వెళ్తున్నాడు. నెట్టు బుధవారమే పట్టింది. శనివారం స్పీకరు డ్రైవర్ కూడా దొరికింది. ఎక్కడో ఎవరో పుణ్యాత్ముడు ఇలాంటి పాత కంప్యూటర్ల కోసం రాసి పెట్టాడు. ఒక్కోదాంట్లో వేసి ఒక్కోదాన్ని పలికించాను. ఇరవై రెండూ పలికాయి. నువ్వు అడిగావు కాబట్టి చెప్తున్నాను. దుకాణంలో నేనొక్కడినే ఉన్నాను. ఎవరికైనా చెప్పుకోవాలనిపించి అటూ ఇటూ చూశాను.

చిన్నాయిన వద్దన్నా నీకు రాస్తున్నాను. ఆరేళ్లు ఆయన మోశాడు, ఇక నేను మోయాలి. నా గడప తొక్కకు అని ఇప్పుడు నాతో అంటే తొక్కను. దుకాణంలోనే పడుకుంటాను, నువ్వు తిరిగొచ్చాక నీకు బియ్యం, మందులు తెచ్చి గేటు దగ్గర పెట్టిపోతాను. అంకిత బిడ్డ తొట్టెల వేడుక నాటికి నేను రావద్దంటే రాను. చిన్నాయినను మాత్రం పిలువు.

ఒక్కటే అడుగుతున్నాను. ఈ ఉత్తరం చదవడం కాగానే నాకు ఫోన్ చేయకు. తిట్లు రేపటికి ఉంచుకో. ముందు ఆయనకు చెయ్. చెప్పిచ్చినట్టు గాదు, మాట్లాడినట్టు. నీకు అటువైపు మాటలు సరిగా వినపడకపోయినా పరవాలేదు, మోగడం వినపడుతుంది. నంబరు మారలేదమ్మా. ఎత్తుతాడు.

ఇట్లు,
ఆ రోజు ఫోన్ చేయని నీ కొడుకు
బాలరాజు