ఆదివారం బండి

తూంకుంట,
జూన్ 15, ఆదివారం.

నా తృప్తికి,

ఒక్క ఫోనుతో అయిపోయేదానికి ఇంత కాగితం ఖరాబు చేయడమేమిటని నవ్వుకుంటావు. నవ్వుకో. నా ఫోను కంపెనీది, నంబరూ కంపెనీదే. అందులో నేను మాట్లాడేది ఇంకెవరైనా వింటున్నారేమోనని ఈ మధ్య ఒక భయం పట్టుకుంది. రుజువేమీ లేదు. రుజువు లేకపోవడం నన్నెప్పుడు ఆపింది గనక! జగిత్యాలలో నువ్వు క్లాసు ముగించుకొని వచ్చి ఈ కవరు చింపేసరికి ఇక్కడ ఏదో ఒకటి తేలిపోయి ఉంటుంది.

నా ఉద్యోగం గురించి నీకు సగమే చెప్పాను. మేడ్చల్ నుంచి శామీర్‌పేట వచ్చే రోడ్డు మీద మా ట్రాన్స్‌పోర్ట్ కంపెనీ యార్డు, దాని వెనకాలే లారీ డ్రైవర్లకు ట్రైనింగ్ సెంటరు. మనుషుల్ని వెతికి తేవడం, నేర్పించడం, నేర్చుకున్నవాళ్ళు పోకుండా చూడడం నా పని. సోషల్ వర్క్‌లో ఎం.ఏ. చేసి డ్రైవర్ల కోసం ఊరూరా తిరుగుతానని మన హాస్టల్లో ఎవరైనా చెప్పి ఉంటే నువ్వు మంచం మీంచి పడేలా నవ్వేదానివి. ఒకప్పుడు క్లీనరుగా ఎక్కి, ఏళ్ళ తరబడి పక్క సీట్లో కూర్చొని, చూసి చూసి డ్రైవరయ్యేవారట. ఇప్పుడు కొడుకును లారీ మీదికి పంపే తల్లి లేదు, లారీ డ్రైవరంటే పిల్లనిచ్చే తండ్రి లేడు. యాభై రెండు బండ్లలో పదకొండు నడిపేవాళ్ళు లేక నిలబడ్డాయి. మొన్నటి వానలకు వాటి టైర్ల కింద గడ్డి మొలిచింది.

మా యజమాని రాఘవేందర్ గారు పొలంలో సగం ప్లాట్లు చేసి అమ్మి, మిగిలినదాంట్లో ఈ యార్డు పెట్టినాయన. ఆ గడ్డి నాకు చూపించి, "మేడం, ఇగ నాలుగు బర్లను తెచ్చి కట్టేద్దమా?" అన్నారు. నేను నవ్వబోయాను. ఆయన నవ్వలేదు.

"ముప్పై మందికి మూడు నెలలు తిండి వెట్టి నేర్పితిమి. పందొమ్మిది మంది పాయె. మనం నేర్పుడు, ఎదురుంగ కంపెనీవాడు ఎత్కపోవుడు. లోపలోడు ఎవడో ఉన్నడు మేడం. జర కన్నేసి ఉంచుండ్రి."

లోపలివాడు! ఆ మాట నా చెవిలో పడ్డ క్షణమే నాకొక మొహం కనిపించింది. ముర్తుజా. మా దగ్గర నేర్పే మనిషి, పిల్లలంతా ఉస్తాద్ అంటారు. యాభై ఎనిమిదేళ్ళు. ముప్పై ఏళ్ళు దేశమంతా బండి నడిపి, ఇప్పుడు అలియాబాద్‌లో ఇల్లు కట్టుకున్నాడు. తక్కువ మాట్లాడతాడు. తక్కువ మాట్లాడేవాళ్ళంటే నాకు మొదటినుంచీ గుబులే.

మానేసిన ప్రతి ఒక్కరినీ ఎందుకని అడిగాను. "ఇంట్ల వద్దంటున్నరు మేడం" అన్నారు. అందరూ ఒకే ముక్క, ఎవరో బట్టీ పట్టించినట్టు. పోయేముందు ఆదివారం వాళ్ళలో చాలామంది ఉస్తాద్‌తో కనిపించారని వాచ్‌మన్ చెప్పాడు. ఇదిలా ఉండగా పోయిన ఆదివారం కూరగాయల కోసం వంటిమామిడి పోతుంటే అలియాబాద్ చౌరస్తా దగ్గర మా ట్రైనింగ్ బండి ఎదురైంది. స్టీరింగ్ ముందు ముర్తుజా. పక్క సీట్లో మొహానికి చున్నీ చుట్టుకొన్న ఒక ఆడమనిషి. స్కూటీ పక్కకు ఆపి, ఆ బండి కనుమరుగయ్యేదాకా నిలబడ్డాను.

హైవే మీద లారీ ఎక్కిన ఆడదాన్ని లోకం ఏమనుకుంటుందో నేనూ అదే అనుకున్నాను. నీకు అబద్ధం చెప్పను.

హరీష్‌తో నా కాపురంలో ఏం జరిగిందో నీకు తెలుసు. ఇంకొకామె ఉందని రెండేళ్ళు అనుమానించాను. అమ్మా నువ్వూ అందరూ నాకు పిచ్చి అన్నారు. చివరికి నిజమే అయింది. విడిపోయినందుకు కాదే నా బాధ. ఆ ఒక్కసారి నా అనుమానం గెలిచింది. అప్పటినుంచి ఏ అనుమానం వచ్చినా, ఇదీ గెలుస్తుందనే అనిపిస్తుంది. ఈ మాట ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు.

వచ్చే ఆదివారం మళ్ళీ వెళ్ళి చూస్తాను.

నీ మనోరమ


తూంకుంట,
జూన్ 28, శనివారం.

తృప్తీ,

చూశాను. చౌరస్తాలో చాయ్ హోటల్ బల్ల మీద గంటసేపు కూర్చున్నాను. తొమ్మిదింటికి బండి వచ్చి ఆగింది. ఈసారి వేరే అమ్మాయి. ఇరవై రెండేళ్ళుంటాయేమో. చున్నీ జారింది. మెట్టు దిగుతూ ఏడుస్తోంది. ముర్తుజా ఆమె వైపు చూడనైనా చూడకుండా ముందుకు చూస్తూ కూర్చున్నాడు. ఆమె రోడ్డు దాటేదాకా బండి కదల్లేదు.

ఆ ఏడుపు చూశాక నేనిక ఆగలేదు. చూసింది చూసినట్టు రాసి రాఘవేందర్ గారికిచ్చాను. చూసినట్టు అంటున్నాను గానీ, "బయటి ఆడవాళ్ళను శిక్షణ వాహనంలో తిప్పుతున్నాడు, ఆ ప్రవర్తన అనుమానాస్పదం" అని రాశాను. అనుమానాస్పదం అనేది చూసిన సంగతి కాదు కదా. రాసేటప్పుడు ఆ తేడా తెలియలేదు.

నిన్న పిలిపించారు. ముర్తుజా టోపీ చేత్తో పట్టుకొని నిలబడ్డాడు. కూర్చోమని ఎవరూ అనలేదు. నేనూ అనలేదు.

"ఎవరామె?" అన్నారు రాఘవేందర్ గారు.

"చెప్ప సాబ్."

"మీ చుట్టమా?"

"నై."

"మరేంది, ఆడోళ్ళకు గూడ ట్రైనింగ్ షురూ జేసినవా?"

ముర్తుజా నా వైపు తిరిగాడు. "మేడం, మీరు మీ కండ్లతోని చూసిండ్రా?"

"చూశాను."

"బండిల ఎంతమంది ఆడోళ్ళు ఉండిరి?"

"ఒకామె."

"అయితే మంచిగ చూడలే" అన్నాడు. అందులో కోపం లేదు. గేరు తప్పుగా వేసిన పిల్లవాడితో అన్నట్టు అన్నాడు. "గలత్ పని జెయ్యలే సాబ్. గంతకంటె ఎక్కువ అడగకుండ్రి."

"అడగ. పో. సోమారం లారీ ఓనర్ల వాట్సప్ గ్రూపుల నీ ఫోటో వెడ్త. ఎందుకు తీసేసిన్నో గది గూడ రాస్త. ఈ రోడ్డు మీద నీ చేతికి స్టీరింగ్ ఎవడిస్తడో చూస్త."

ముర్తుజా తాళంచెవి బల్ల మీద పెట్టి వెళ్ళిపోయాడు. నేను నెగ్గాను. హరీష్ దొరికిపోయిన రోజు కూడా ఇలాగే ఉంది నాకు. నోరంతా చేదు. కానీ "మంచిగ చూడలే" అన్న మాట వదలడం లేదు. బండిలో ఒకామెనే కదా ఉంది? నా కళ్ళను కూడా అనుమానించాలా ఇప్పుడు? అతను కావాలనే నా మనసులో ముల్లు గుచ్చి పోయాడేమో. అలాంటి తెలివి ఉన్నవాడేమో. చూశావా, మళ్ళీ మొదలుపెట్టాను.

సోమవారం ఆ ఫోటో పడితే అతని బతుకు అక్కడితో సరి. నేను చూసింది నిజం కాకపోతే?

మనో


తూంకుంట,
జూలై 12, శనివారం.

నా తృప్తికి,

నీ ఉత్తరం అందింది. "ముందు ఆ అమ్మాయిని అడుగు" అని రాశావు. నేను అడగలేదే. ఆమే వచ్చింది.

నీకు రాసిన మర్నాడు, ఆదివారం మధ్యాహ్నం, తలుపు తీస్తే చౌరస్తాలో ఏడుస్తూ దిగిన అమ్మాయి. పేరు నవ్యశ్రీ. మా ట్రైనింగులో ఉన్న ఓదెలు భార్య. చెప్పులు బయట విడిచి, నిలబడే మొదలుపెట్టింది.

"మేడం, ఉస్తాద్‌ను నా మూలంగ తీసేసిండ్రట గద. నన్ను చూసి ఏమనుకున్నరు మీరు?"

నా జవాబు కోసం ఆగలేదు.

"నేనొక్కదాన్నే లేను. ఎనక పండే జాగ ఉంటది గద, పరద ఉంటది, గాడ షహజాదమ్మ కూసున్నది. ఉస్తాద్ భార్య. ఎవరిని ఎక్కిచ్చుకున్నా ఆమె ఉంటది. ఆమె లేకుంటె మా అత్త నన్ను గడప దాటనిస్తదా?"

సీట్ల వెనక పరదా! ఆరేళ్ళుగా ఆ బండ్ల మధ్య తిరుగుతున్నాను. డ్రైవర్లు పడుకోవడానికి అక్కడ బల్ల ఉంటుందని కాగితాల మీద వందసార్లు రాశాను. ఒక్కసారైనా మెట్టెక్కి చూడలేదు.

"ఎందుకు ఎక్కించాడమ్మా?"

"చూడనీకె. గజ్వేల్ దాక తోల్కపోయిండు. 'మీ ఆయనతోని ఫోన్ల ఎట్ల మాట్లాడ్తవో నాతోని గట్లనే మాట్లాడు బేటా' అన్నడు. నేను, 'తిన్నవా, ఎప్పుడొస్తవ్, పిల్లకు జరమొచ్చింది, నీకు మేం యాదికున్నమా' అన్న. 'ఇగ రోడ్డు పక్క స్తంభాలు లెక్కవెట్టుకుంట మల్ల గదే అను' అన్నడు. అన్న. ఆరు స్తంభాలు పోయినయ్ మేడం. ఆయన నా మాట ఇనుకుంట, రోడ్డు మీద మనసు లేకుంట ఆరు స్తంభాలు పోతడు. నేను దినాం గంటసేపు మాట్లాడ్త." అప్పుడు కళ్ళు తుడుచుకుంది. "మల్ల పండే జాగ చూపెట్టిండు. కాళ్ళు సక్కగ చాపుకోరాదు. గందుకే ఏడ్చిన. ఇంకేం లేదు."

"మరి ఓదెలును పంపుతావా?"

"పంపుత. ఫోన్ మాత్రం నేను జెయ్య. బండి ఆగినంక ఆయననే జెయ్యమన్న."

ఆమెను బస్సెక్కించి, నేరుగా అలియాబాద్ వెళ్ళాను. ముర్తుజా ఇంట్లో లేడు. షహజాది బేగం గడపలో కూర్చొని బియ్యం ఏరుతోంది. నా పేరు చెప్పగానే చేట పక్కన పెట్టింది.

"రెండు డిగ్రీలు సదివినవంట. పరద ఎనక ఎవరున్నరో సూడరాలేదా?"

తల వంచుకున్నాను.

"కూసో బిడ్డా. తిట్టుడు అయిపోయింది" అని తనే అంది. తర్వాత చెప్పింది. పద్దెనిమిదేళ్ళ కింద నాగపూర్ రోడ్డులో ముర్తుజా బండి ఒక సైకిల్ మనిషిని కొట్టింది. మనిషి బతికాడు గానీ కాలు పోయింది. "గా దినం ఫోన్ల ఉన్నది నేనే. పండుగకు రాలేదని లడాయి పెట్టుకున్న. గందుకే ప్రతి ఐతారం పోయి కూసుంట. ఆయన నడుపుతడు, నేను సూస్త."

"కంపెనీకి చెప్పి చేయొచ్చు కదమ్మా?"

"జెప్తె ఎవరొస్తరు? లారీ ఎక్కిందంటె ఊళ్ళె ఏమంటరో నీకెరుక లేదా? నువ్వు గూడ గదే అంటివి గద."

చేట మళ్ళీ ఒళ్ళోకి తీసుకుంది.

నా బుద్ధి చూడు. అంత విన్నాక కూడా తిరిగి వచ్చి, ఉన్నవాళ్ళకూ పోయినవాళ్ళకూ వరసగా ఫోన్లు చేశాను. మిగిలిన పదకొండు మందిలో తొమ్మిది మంది ఇళ్ళనుంచి భార్యో తల్లో ఆ బండి ఎక్కి వచ్చినవాళ్ళే. ఎక్కి దిగి "వద్దు" అన్నందువల్ల మానేసినవాళ్ళు ఏడుగురు. అంటే వాళ్ళు బట్టీ పట్టింది కాదు, నిజంగానే ఇంట్లో వద్దన్నారు. తక్కినవాళ్ళవి వేరే వేరే కారణాలు. ఎదుటి కంపెనీలో చేరినవాడు ఒక్కడూ లేడు. ఆ ఏడుగురిని ముర్తుజా పోగొట్టాడన్నది నిజమే. ఆ తొమ్మిది మందిని నిలబెట్టిందీ అతనే. నా ట్రైనింగులో బ్రేకుల పాఠం ఉంది, సరుకు కాగితాల పాఠం ఉంది. ఇంటి పాఠం లేదు.

సోమవారం తొమ్మిదింటికే రాఘవేందర్ గారి గదిలో నిలబడ్డాను. నా ఫిర్యాదు తప్పు, ఆ ఫోటో పెట్టవద్దు అన్నాను.

"ఎవరా ఆడోళ్ళు?"

"తెలుసు. చెప్పను. తప్పుడు పని కాదని మాత్రం చెప్తాను."

ఆయన కుర్చీలో వెనక్కి వాలారు. "శుక్రారం ఆయన చెప్పనన్నడు. ఇయ్యాల మీరు చెప్పనంటున్నరు. మీకు ఆయనకు ఏంది మేడం?" ఆగి, నవ్వారు. "మీరు గూడ ఎక్కిండ్రా ఏంది గా బండి?"

చెంప మీద కొట్టినట్టయింది. నేను నా కాగితంలో మర్యాదగా రాసిన మాటనే ఆయన మోటుగా అన్నారు, అంతే. పేర్లు చెబితే ఆ నవ్వు నా మీదినుంచి పోతుంది. పోయి నవ్యశ్రీ మీద పడుతుంది. ముర్తుజా శుక్రవారం ఇక్కడే నిలబడి ఎందుకు నోరు మూసుకున్నాడో అప్పుడు నాకు తెలిసొచ్చింది.

"ఎక్కలేదు సార్. ఎక్కి ఉండాల్సింది" అన్నాను. "మీరు ఫోటో పెడితే, ఫిర్యాదు చేసింది నేనే, అది తప్పు అని అదే ఓనర్లందరికీ సంతకం పెట్టి పంపుతాను."

ఫోటో పెట్టలేదు. నన్ను మాత్రం రేపటినుంచి రావద్దన్నారు. "నాకు మీ మీద డౌటుంది మేడం" అన్నారు. డౌటుకు రుజువు అడిగే హక్కు నాకెక్కడిది? ఫోను బల్ల మీద పెట్టి వచ్చేశాను.

ఇక్కడితో అయిపోతుందనుకున్నాను. వారం తర్వాత ఎదుటి కంపెనీవాళ్ళు, ఇతన్ని వాళ్ళ మనిషని నేను అనుమానించానే, వాళ్ళే ముర్తుజాను పిలిచారు. ఖాళీగా ఉన్నాడని తెలిసి పిలిచారట. నేర్చుకునేవాళ్ళ ఇంటి ఆడవాళ్ళు ముందు బండి ఎక్కి చూస్తారు, ఇష్టమైతేనే వాళ్ళాయన నేర్చుకుంటాడు, వాళ్ళ పేర్లు ఎక్కడా రాయకూడదు అని షరతు పెట్టాడు. ఒప్పుకున్నారు. మనుషులు దొరకని వాళ్ళు ఏం చేస్తారు!

మొన్న నా కొత్త నంబరుకు అతనే ఫోన్ చేశాడు. షహజాది బేగానికి మోకాళ్ళ నొప్పి ఎక్కువై ఆ మూడు మెట్లు ఎక్కలేకపోతోందట. పరదా వెనక కూర్చోవడానికి ఒక ఆడమనిషి కావాలట.

"ఈ ఐతారం మీరొస్తరా మేడం?"

నన్ను క్షమించి పిలుస్తున్నాడా? లేక వేరే దిక్కు లేక పిలుస్తున్నాడా? లేక ఆ మెట్లు నాతో ఎక్కించి చూడాలనా? ప్రశ్న నాలుక చివరిదాకా వచ్చింది తృప్తీ. అడగలేదు. ఎన్ని గంటలకు రావాలని మాత్రం అడిగాను.

నీ
మనోరమ