మూడు వేళ్లకు అందే కార్డ్‌లు

ఆదివారం రాత్రి, తొండియార్‌పేట

ఫ్యాక్టరీ ప్రెస్సులో పడి నాయన ఎడమచేతి ఉంగరపు వేలు పోయి ఏడాదయింది. ఆయన ఇక గిటార్ ముట్టడనుకునే నేను పాటలు కట్టే ఈ సాఫ్ట్‌వేర్ నేర్చుకున్నాను. పాటకు ఏ స్వరాలు కలిపి మీటాలో ఆ గిటార్ కార్డ్‌లు ఆయన చెబుతాడు, నేను వరసగా పేరుస్తాను, ల్యాప్‌టాప్ వాయిస్తుంది.

ఈ సాయంత్రం చరణం మరీ చప్పగా ఉందని నేనే ఒక ఎఫ్ కార్డ్ చేర్చాను. నా చెవికి బాగానే ఉంది. నాయన తల అడ్డంగా ఊపాడు.

"ఈడ ఎఫ్ వద్దురా, తీసెయ్."

"ఏం నాయనా? వాయించేది కంప్యూటరే కదా, దానికేం కష్టం?"

"దానికి కాదురా. ఎఫ్‌కి బొటనవేలు గాక నాలుగు వేళ్లు కావాల."

అప్పుడు చూశాను. మిగిలిన మూడు వేళ్లూ ఆయన తొడ మీద ఒక్కో కార్డ్ పట్టుకుంటూ కదులుతున్నాయి. ఇన్నాళ్లూ ఆయన చెప్పినవన్నీ ఆ మూడు వేళ్లకు అందేవే. ఎప్పుడూ ఈ సులువైనవే ఏమిటని నేను విసుక్కున్నాను కూడా.

ఎఫ్ తీసేశాను.

"పాట అయినాక అటక మీద గిటార్ దించి ఇయ్యి, సరేనా?" అన్నాడు. సరేనన్నాను.

కంటబడితే బాధపడతాడని పోయిన నెలే దాన్ని అమ్మేశాను. అటక మీద ఉన్నది ఖాళీ కవరు.