ఖాళీ అనుకున్న అడ్రసు

ఆదివారం రాత్రి, కరీంనగర్

నిద్ర రావడం లేదు. పొద్దున హుస్నాబాద్ అవతలి క్రైస్తవ మిషన్ ఆస్పత్రిలో కొత్త సర్వర్ పెట్టాను. నెట్‌వర్క్‌లో దాని అడ్రసు, అంటే దాని నంబరు, మారుతూ ఉంటే మిగతా కంప్యూటర్లకు అది దొరకదు. అందుకే స్థిరంగా ఒకటి ఇవ్వాలి. చివర యాభై ఉన్న అడ్రసును పింగ్ చేసి, అంటే అక్కడ ఎవరైనా ఉన్నారా అని నెట్‌వర్క్‌లో పిలిచి చూశాను. జవాబు రాలేదు. ఖాళీయే అనుకుని సర్వర్‌కు ఇచ్చేశాను. అన్నీ పనిచేశాయి, హాయిగా బస్సెక్కాను.

ఖాళీ సీటు కనబడితే కూర్చున్నాను. ఒక ముసలవ్వ వచ్చి నిలబడింది.

"గా సీటు నాది బిడ్డా. దస్తీ ఏశి నీళ్లకు పోయిన."

ఆమె చేతిరుమాలు నా కాళ్ల కింద పడి ఉంది. తీసిచ్చి లేచాను. అప్పుడు తట్టింది. జవాబివ్వని ఆ యాభై కూడా ఎవరిదో అయితే? ఆదివారమని ఆస్పత్రిలో సగం గదులకు తాళాలే. లోపల ఆపేసి ఉన్న మిషన్ ఏదైనా ఉంటే, అడ్రసు దానిదే అయినా పింగ్‌కు పలకదు.

ఇంటికి రాగానే ల్యాబ్ చూసే సుగుణమ్మకు ఫోన్ చేశాను.

"రక్తం మిషన్ నిన్ననే బంద్ చేసిన సారూ, ఇయ్యాల చర్చి కదా. దాని నంబరు నాకేమెరుక? పొద్దుగాల ఏడింటికి మల్ల చాలు చేస్త. షుగరోళ్లు పరగడుపున వస్తరు."

సర్వర్‌కూ ఆ మిషన్‌కూ ఒకే అడ్రసైతే రెండూ తగువుపడి రిపోర్టులు డాక్టరుకు చేరవు. కాకపోవచ్చు కూడా. చూసి మారుద్దామంటే, ఇక్కడి నుంచి సర్వర్‌లోకి పోయే దారి ఇంకా పెట్టనే లేదు.

ఏడు కాకముందే అక్కడుండాలంటే తెల్లారగట్ల మొదటి బస్సుకే పోవాలి. సీట్లన్నీ ఖాళీగా ఉన్నా కూర్చోబుద్ధి కాదేమో.