ఉపేక్ష

మార్చి 4

అనువాదం సగం అయింది. నవల రాసిన దొర తూర్పు దేశాలను హోటల్ కిటికీలోంచి చూసినట్టున్నాడు. ఆయన నవలలోని బౌద్ధ భిక్షువుకు ఆకలి లేదు, పంటినొప్పి లేదు. పేజీకో చిరునవ్వు. తల్లి పోయిందన్నా చిరునవ్వే. ఇంతగా నవ్వే మనిషిని మా వీధిలో అయితే డాక్టరుకు చూపిస్తారు.

మార్చి 9

'ఉపేక్ష' దగ్గర ఆగిపోయాను. దొర ఆ మాటనే ఇంగ్లిషు అక్షరాల్లో వాడాడు. బౌద్ధంలో సుఖదుఃఖాలను సమంగా చూడడమని అర్థం. మన నోట్లో మాత్రం పట్టించుకోకపోవడం. 'సమచిత్తం' అని మారుస్తానన్నాను. పబ్లిషర్ ఒప్పుకోలేదు. అసలు మాట ఉంటేనే పుస్తకానికి బరువట.

మార్చి 10

ప్రూఫులు దిద్దేది మా అక్కే. 'దేహబాధను ఉపేక్షించాడు' అన్న వాక్యం బాగుందంది. పైకి చదివి వినిపించింది కూడా. అక్కకు ఏదీ ఒక పట్టాన నచ్చదు. పొంగిపోయాను.

మార్చి 22

అక్క రొమ్ములో గడ్డ. చలికాలం నుంచీ ఉందట. ఇవాళ బట్టలు మార్చుకుంటుంటే నా కంటబడింది. రెక్క పట్టుకుని ఆసుపత్రికి లాక్కెళ్లాను. ఇన్నాళ్లూ ఎందుకు ఉపేక్షించారమ్మా అని అడిగింది డాక్టరు. అదే మాట. వెంటనే ఆపరేషన్ చేస్తే నయమవుతుందట. ఆలస్యం చేస్తే చెప్పలేమంది.

అక్క వద్దంది. ఒళ్లు అద్దె ఇల్లట, పాడైతే ఖాళీ చేసి పోవడమేనట. అదీ దొర వాక్యమే, నా తెలుగులో. నాకు ఒళ్లు మండింది. అద్దె ఇంట్లో కప్పు కారితే ఓనర్ మీద విరుచుకుపడేది నువ్వే కదా అన్నాను. నవ్వలేదు, ఏడవలేదు. పెన్సిల్ చెక్కుకుంటూ కూర్చుంది.

అది శాంతి కాదు, భయం. భయమేస్తే అక్క నోట మాట రాదు. ఏ నిర్వాణమూ నాకు వద్దు, మా అక్క కావాలి.

మార్చి 25

అనువాదకులు చేయకూడని పని చేశాను. మూలంలో లేని పేరా ఒకటి చివరి అధ్యాయంలో దూర్చాను. భిక్షువు వానలో కాలి పుండు పట్టుకుని అమ్మా అని కేకలు పెడతాడు. పక్క ఊరి వైద్యుడి తలుపు బాదుతాడు. ఆ ప్రూఫు అక్క బల్ల మీద పెట్టి వచ్చాను.

మార్చి 26

అక్క ఆ పేరా కొట్టేసింది. దొర అననిది దొర నోట్లో పెట్టడానికి నీకు సిగ్గు లేదా అని తిట్టింది. తిట్టీ తిట్టీ, భయమేస్తోందే, ఆసుపత్రికి ఫోన్ చెయ్యి అంది.